1948 లండన్ నాటకం: ముగ్గురికీ అంబ్రెల్లా ఫ్రాకులు కుట్టకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1948 లండన్‌లో జరిగే నాటకం, మూడు ఆడ పాత్రలు. ఒకరు టైపిస్టు, ఒకరు గదులు అద్దెకిచ్చే యాభై ఏళ్ళ ఇంటావిడ, ఇంకొకరు పారిస్ వెళ్ళొచ్చిన డబ్బున్న స్నేహితురాలు. యుద్ధం తర్వాతి ఫ్యాషన్ అని నెట్‌లో వెతికితే అన్నిచోట్లా సన్న నడుము, గొడుగులాంటి స్కర్టు, కంటి చివర పైకి లాగిన ఐలైనరే కనిపిస్తున్నాయి, ముగ్గురికీ అవే కుట్టేస్తే సరిపోతుందా, ఆ నడుము షేపు ఎలా వస్తుంది, మేకప్ ఎలా చేయాలి అని అడిగారు. నేను ఇరవై రెండేళ్ళుగా స్టేజీ నాటకాలకు బట్టలు కుడుతున్నాను, అందులో ఎక్కువ భాగం పాతకాలపు బట్టలే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముగ్గురికీ కుట్టకండి. ఒక్కరికే కుట్టండి. ఆ ఒక్కరు స్టేజీ మీదకు రాగానే మిగతా ఇద్దరి బట్టలు ఎంత ఇరుగ్గా, ఎంత పొదుపుగా ఉన్నాయో ప్రేక్షకులకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోవాలి. 1948 అంటే సరిగ్గా ఆ తేడా కనిపించిన సంవత్సరం. మీకు కనిపిస్తున్న ఫోటోల్లో చాలావరకు 1950ల మధ్యవి, లేదంటే ఆ కాలాన్ని తలుచుకుంటూ ఈమధ్య కుట్టుకున్న పార్టీ డ్రెస్సులవి. అవి చూసి కుడితే ఏడెనిమిదేళ్ళు ముందుకు పోతారు.

ముందు గుడ్డ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ కాలం ఫ్యాషన్ మొత్తం గుడ్డ చుట్టూనే తిరిగింది. బ్రిటన్‌లో బట్టల రేషన్ 1941 జూన్ 1న మొదలైంది, 1949 మార్చి 15న ఎత్తేశారు. యుద్ధం 1945లోనే ముగిసింది కదా, 1948కల్లా అంతా మామూలైపోయి ఉంటుందని మనం అనుకుంటాం, చాలామంది పొరబడేది ఇక్కడే. యుద్ధం నడిచినన్నాళ్ళూ లేని బ్రెడ్డు రేషన్ యుద్ధం అయ్యాక 1946 జూలైలో వచ్చి 1948 జూలై దాకా ఉంది. మిల్లుల్లో తయారైన మంచి గుడ్డ డాలర్ల కోసం బయటి దేశాలకు ఎగుమతయ్యేది, దేశంలో కొట్ల అరలు బోసిగా ఉండేవి. రేషన్ మొదలైనప్పుడు మనిషికి ఏడాదికి 66 కూపన్లు, తర్వాత్తర్వాత అవీ తగ్గిపోయాయి. ఉన్ని ఫ్రాకుకు 11 కూపన్లు, నూలు ఫ్రాకుకు 7, ఒక జత మేజోళ్ళకు 2. గుడ్డగా కొనుక్కుంటే 36 అంగుళాల పన్నా ఉన్ని గుడ్డ గజానికి 3. ఇవి డబ్బుకు బదులు కాదు, డబ్బుతో పాటు ఇవ్వాల్సినవి. అంటే చేతిలో డబ్బున్నా కూపను లేకపోతే గుడ్డ రాదు.

ప్రభుత్వమే యుటిలిటీ బట్టలని ఒక పథకం పెట్టి, సీసీ41 అనే గుర్తు వేసి, నాణ్యత, ధర రెండూ కట్టుదిట్టం చేసి అమ్మించింది. పెద్ద డిజైనర్ల చేత నమూనాలు గీయించారు కాబట్టి ఆ బట్టలు చూడ్డానికి బాగానే ఉండేవి, కానీ కొలత పెట్టుకుని కత్తిరించినట్టు ఉండేవి. యుద్ధం రోజుల్లో కుచ్చిళ్ళు ఇన్నే ఉండాలి, గుండీలు ఇన్నే, జేబులు ఇన్నే అని రూలు కూడా ఉండేది. అలా వచ్చిందే భుజాలు చదరంగా, స్కర్టు ఇరుగ్గా, మోకాలి కిందికి ఆగిపోయే ఆకారం. భుజాల్లో ప్యాడ్ పెట్టడానికి గుడ్డ ఖర్చు కాదు, పైగా మనిషి నిటారుగా, దిట్టంగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీల్లో, ఆంబులెన్సుల్లో పని చేసిన ఆడవాళ్ళకు ఆ ఆకారం అలవాటైపోయింది.

మన ఇళ్ళతో పోల్చుకుంటే ఇది తొందరగా అర్థమవుతుంది. 1943లో మన దగ్గరా మిల్లు బట్ట మీద కంట్రోలు వచ్చింది. మా అమ్మమ్మ చివరిదాకా "కంట్రోలు గుడ్డ" అనే మాట వాడేది, ముతగ్గా ఉన్న గుడ్డ ఏది చూసినా ఆ మాటే. చీర మధ్యలో పల్చబడితే నిలువుగా రెండుగా చించి, గట్టిగా ఉన్న అంచులు మధ్యకు వచ్చేలా కలిపి కుట్టుకుని మళ్ళీ కట్టుకున్నామని చెప్పేది. నేను ఈ పనిలోకి వచ్చాక తెలిసింది, బ్రిటన్‌లో ఇల్లాళ్ళు దుప్పట్లకు అచ్చం అదే చేసేవాళ్ళని. అక్కడ దాన్ని ప్రభుత్వమే కరపత్రాలు అచ్చువేసి నేర్పింది, ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు పారిస్. అక్కడా గుడ్డ లేదు. 1945 మార్చిలో అక్కడి ఫ్యాషన్ సంస్థలన్నీ కలిసి తమ పనితనం చచ్చిపోలేదని చూపించడానికి ఒక ప్రదర్శన పెట్టాయి, మనుషులకు కుట్టేంత గుడ్డ లేక సన్న తీగతో చేసిన 70 సెంటీమీటర్ల బొమ్మలకు కుట్టి చూపించారు. ఆ చిన్న బట్టలకు కాజాలు, లైనింగు, చేతి సంచులు అన్నీ నిజమైనవే. ఆ బొమ్మలు చాలావరకు ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మేరీహిల్ మ్యూజియంలో ఉన్నాయి. కుట్టుపని చేసేవాళ్ళు వాటి ఫోటోలు ఒక్కసారైనా చూడాలి. గుడ్డ కొరతలో ఉన్న కుట్టుపనివాళ్ళ మనసు నాకు ఆ బొమ్మల్లో కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించలేదు.

రెండేళ్ళ తర్వాత, 1947 ఫిబ్రవరి 12న, ఆ చలికాలం ఐరోపా అంతా బొగ్గు లేక వణికిపోతున్నప్పుడు, 30 అవెన్యూ మాంటేన్ అనే చిరునామాలో క్రిస్టియాన్ డియోర్ అనే ఫ్యాషన్ డిజైనర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. అప్పటికి ఆయన వయసు 42. వెనక ఉండి డబ్బు పెట్టింది మార్సెల్ బూసాక్, నూలు మిల్లుల యజమాని. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, స్కర్టులు పెద్దవైతే ఎవరికి లాభమో దానంతటదే అర్థమవుతుంది. అయితే డియోర్ కేవలం మిల్లు గుడ్డ అమ్మిపెట్టడానికే అలా గీశాడంటే నేను ఒప్పుకోను. ఆయన చెల్లెలు కాథరీన్ ఫ్రాన్స్‌లో నాజీలకు ఎదురు నిలిచిన ప్రతిఘటన ఉద్యమంలో పని చేసి, పట్టుబడి, రావెన్స్‌బ్రూక్ అనే నాజీ క్యాంపులో నరకం చూసి 1945లో తిరిగొచ్చింది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి పూలనీ పూరేకుల్నీ తలుచుకుంటూ ఫ్రాకులు గీశాడు. ఆ కలెక్షన్‌లో ఒక వరసకు ఆయన పెట్టిన పేరు కొరోల్. మన తెలుగు మీడియం బోటనీ పుస్తకంలో రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి అని చదువుకున్నాం కదా, అందులో ఆకర్షణ పత్రావళి అన్నమాట. ఈ ఫ్యాషన్‌నే లోకం న్యూ లుక్ అంటుంది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, అమెరికన్ పత్రిక హార్పర్స్ బజార్ ఎడిటర్ కార్మెల్ స్నో ఆ షో చూసి అన్న మాటలోంచి వచ్చింది.

అందరికీ తెలిసిన ఫోటో ఆ షోలో బార్ అని పేరు పెట్టిన సూటుది. పైన దంతం రంగు పట్టు జాకెట్టు, కింద నల్లటి ఉన్ని కుచ్చిళ్ళ స్కర్టు. భుజాలు ప్యాడ్లు లేకుండా జారినట్టు, నడుము బిగుతుగా, జాకెట్టు అంచు తుంటి మీద గిన్నెలా విచ్చుకుని, స్కర్టు పిక్కల సగం దాకా. పన్నెండు, పదిహేను గజాల గుడ్డ మింగే ఫ్రాకులు కూడా ఆ రోజుల్లో వచ్చాయి. ఇందాకటి లెక్కన 15 గజాల ఉన్ని గుడ్డంటే 45 కూపన్లు. మీ నాటకంలో టైపిస్టు ఆ స్నేహితురాలి స్కర్టు వైపు ఎలా చూస్తుందో ఈ ఒక్క లెక్క చెప్తుంది. రిహార్సల్లో మీ నటికి ఈ లెక్క చెప్పండి, చూపు దానంతటదే వస్తుంది.

అందరూ దాన్ని చూసి మురిసిపోయారని మాత్రం అనుకోవద్దు. పారిస్‌లోనే రూ లెపిక్ అనే బజారు వీధిలో ఫోటోలు తీస్తుంటే అక్కడి ఆడవాళ్ళు మోడల్ మీద పడి బట్టలు పీకేశారు. పిల్లలకు తిండి దొరకని ఊళ్ళో అంత గుడ్డ ఒంటికి చుట్టుకుని తిరగడం వాళ్ళకు కడుపు మంట. అమెరికాలో డల్లాస్ ఆడవాళ్ళు మోకాలి కింద కొంచెమే చాలు అంటూ క్లబ్బు పెట్టి మరీ ఊరేగింపులు తీశారు. బ్రిటన్‌లో మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ పొడవు స్కర్టులు వద్దన్నాడు, లేబర్ పార్టీ మహిళా ఎంపీ ఒకరు దీన్ని పంజరంలో పక్షితో పోల్చారు. ఇంకోవైపు యువరాణి మార్గరెట్ ఆ ఫ్యాషన్ వేసుకుని తిరిగింది, మామూలు అమ్మాయిలు ఉన్న స్కర్టుకే కింద ఇంకో రంగు గుడ్డ పట్టీ అతికించి పొడవు పెంచుకున్నారు. ఆడవాళ్ళను మళ్ళీ వంటింట్లోకి పంపడానికే ఈ ఫ్యాషన్ తెచ్చారని ఒకే మాటలో తేల్చేసేవాళ్ళు ఉన్నారు. అది కొంత నిజమే, ఆ నడుముతో బస్సు వెనక పరిగెత్తలేం. కానీ ఆరేడేళ్ళు ఒకే కోటు తిప్పి తిప్పి కుట్టుకుని వేసుకున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయికి గిర్రున తిరిగే స్కర్టు మీద కలిగిన ఆశ కూడా అంతే నిజం. మీ నాటకంలో ఈ రెండూ ఉండాలి, ఇంటావిడ విసుక్కోవాలి, టైపిస్టు ఆశపడాలి.

ఇక మీ మూడు పాత్రలకు వద్దాం.

టైపిస్టుకు యుటిలిటీ సూటు. చదరం భుజాలున్న జాకెట్టు, మోకాలి కిందికి ఆగే ఇరుకు స్కర్టు, రంగు గోధుమ, ముదురు ఆకుపచ్చ, నీలి బూడిద, అలాంటివి. మోచేతుల దగ్గర నలిగి మెరుపెక్కినట్టు ఉండాలి, కొత్త గుడ్డను రెండు మూడుసార్లు ఉతికి, మోచేతి దగ్గర ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే వస్తుంది. రెండో అంకానికి ఆ స్కర్టు కిందే వేరే గుడ్డతో నాలుగంగుళాల పట్టీ వేసి పొడవు పెంచండి, జాకెట్టులోంచి భుజం ప్యాడ్లు తీసేయండి. డైలాగు అక్కర్లేకుండానే ఆ అమ్మాయి ఇంట్లో రాత్రి కూర్చుని సొంతంగా కుట్టుకుందని ప్రేక్షకులకు తెలుస్తుంది. ఈ ఒక్క మార్పు మీ నాటకానికి ఎంతో బలం.

ఇంటావిడ కొత్త బట్ట కుట్టించుకుని ఎన్నాళ్ళైందో. ఆమెకు 1930ల చివరి పూల ఫ్రాకు, దాని మీద ముందు నుంచి వెనక్కి చుట్టి కట్టుకునే పూల ఏప్రన్, తలకు తలపాగాలా చుట్టిన గుడ్డ, ముతక నూలు మేజోళ్ళు, చిరుగు పడినచోట వేరే దారంతో రఫ్ఫు చేసిన ఉన్ని కార్డిగన్. చవగ్గా అయిపోతుంది, కానీ రఫ్ఫు పని మాత్రం నీట్‌గా చేయించండి, ఆ తరంవాళ్ళు చిరుగును సిగ్గుగా కాదు, శ్రద్ధగా కుట్టుకున్నారు.

స్నేహితురాలికే న్యూ లుక్. దీనికి రెండు దారులు. అంబ్రెల్లా స్కర్టు ఒకటి. రెండోది చాలామందికి తెలియదు, డియోర్ ఆ మొదటి కలెక్షన్‌లోనే ఎనిమిది అంకె పేరుతో ఇంకో వరస చూపించాడు, పైన గుండ్రం, మధ్యలో సన్నని నడుము, మళ్ళీ తుంటి దగ్గర గుండ్రం, కింద పొడవాటి ఇరుకు స్కర్టు. మీ బడ్జెట్ తక్కువైతే, స్టేజీ చిన్నదైతే ఇదే మేలు. గుడ్డ సగానికి సగం తగ్గుతుంది, కాలం మాత్రం పక్కాగా తెలుస్తుంది.

అంబ్రెల్లానే కావాలంటే లెక్క చెప్తాను. నటి నడుము 28 అంగుళాలు అనుకోండి. దాన్ని 6.28తో భాగిస్తే నాలుగున్నర, అది మధ్యలో కత్తిరించే వృత్తానికి కేంద్రం నుంచి దూరం. స్కర్టు పొడవు 30 అంగుళాలైతే మొత్తం 34న్నర. 44 పన్నా గుడ్డలో పూర్తి వృత్తం పట్టదు కాబట్టి రెండు అర్ధవృత్తాలు కత్తిరించి పక్కల కలపాలి, ఒక్కోదానికి 69 అంగుళాల పొడవు, రెండింటికి 138, కుట్లకూ మడతకూ కలిపి 4 గజాలు. కింది చుట్టుకొలత 216 అంగుళాలు దాటుతుంది, ఆరు గజాలు, అంటే ఒక చీర పొడవు ఆమె పిక్కల చుట్టూ తిరుగుతుందన్నమాట.

కత్తిరించాక వెంటనే కింద మడత కుట్టకండి. వృత్తంలో కొంతభాగం నిలువు పోగు మీద, కొంతభాగం క్రాస్ మీద, అంటే పోగుకు ఏటవాలుగా పడుతుంది, క్రాస్ పడినచోట గుడ్డ తన బరువుకు తనే సాగుతుంది. నడుముపట్టీ వేసి హ్యాంగరుకు కనీసం రెండు రోజులు వేలాడదీసి, తర్వాత నటికి తొడిగి, ఆ చెప్పులతోనే నిలబెట్టి, నేల నుంచి కర్రతో కొలిచి చుట్టూ సుద్ద గుర్తు పెట్టి, అప్పుడు మడవాలి. నా మొదటి పెద్ద నాటకంలో టైం లేదన్న టెన్షన్‌లో కుట్టినరోజే మడిచేశాను, మూడో ప్రదర్శనకల్లా పక్కల ఒకటిన్నర అంగుళం కిందికి దిగి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళందరికీ కనిపించింది. ఆ బాధ ఇప్పటికీ మర్చిపోలేదు.

నడుము గురించి మీరు అడిగింది అసలైన ప్రశ్న. ఫోటోలు చూసి చాలామంది ఆ నడుము బిగించడం వల్ల వచ్చిందనుకుంటారు. బిగించడం ఉంది, పారిస్ డిజైనర్ మార్సెల్ రోషా చేసిన పొట్టి కార్సెట్లు, అంటే నడుము బిగించే లోదుస్తులు, అప్పటికే వచ్చాయి. కానీ సగం పని చేసింది చుట్టుపక్కల పెంచడం. తుంటి దగ్గర జాకెట్టు లోపల దూది పొరలు, ఛాతీ దగ్గర కాన్వాసు, భుజాలు జార్చడం, ఇవన్నీ కలిసి మధ్యలో ఉన్నది సన్నగా చూపిస్తాయి. మీ నటి నడుము 30 ఉన్నా ఫర్వాలేదు. తుంటికి ఇరువైపులా అర్ధచంద్రాకారంలో ప్యాడ్లు కుట్టండి, మధ్యలో అంగుళం మందం, అంచులకు వచ్చేసరికి పల్చబడిపోవాలి, లేకపోతే అంచు గీత పైకి కనిపిస్తుంది. జాకెట్టుకు నడుము కిందిభాగం విడిగా కత్తిరించి బక్రం కాకుండా సూటు కాన్వాసు వేయండి, బక్రం పెడితే అట్టముక్కలా నిలబడి వంపు రాదు. ముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టి తొడిగి చూసుకోండి, అది దండగని అనుకోవద్దు, పారిస్‌లో కూడా ప్రతి డ్రెస్సూ ముందు తెల్ల గుడ్డలోనే పుట్టేది.

ఇంకో రహస్యం లోపల ఉంటుంది. ఆ కాలపు మంచి డ్రెస్సు తిరగేసి చూస్తే నడుము దగ్గర లోపలివైపు ఒక గట్టి రిబ్బను బెల్టు, దానికి విడిగా హుక్కులు కనిపిస్తాయి. ముందు అది పెట్టుకుని తర్వాత పైన డ్రెస్సు మూసుకుంటారు. బరువంతా ఆ రిబ్బను మోస్తుంది, భుజాల మీదా జిప్పు మీదా పడదు. ముప్పావు అంగుళం గ్రోస్‌గ్రెయిన్ రిబ్బను, అంటే అడ్డ గీతలుండే గట్టి రిబ్బను, మన దగ్గర కుట్టు సామాన్ల కొట్లలో దొరుకుతుంది. ఇది వేస్తే మీ నటి రెండు గంటలు డ్రెస్సు పైకి లాక్కోకుండా ఉంటుంది. దయచేసి కార్సెట్‌తో ఊపిరాడకుండా బిగించకండి, డైలాగు చెప్పాల్సిన మనిషి ఆమె. జిప్పు వీపు మధ్యలో పెట్టకండి, ఎడమ పక్కన పెట్టండి, లేదంటే హుక్కులు, టిచ్ బటన్లు. అప్పటి పగటి ఫ్రాకులు ఎక్కువగా పక్కనే తెరుచుకునేవి, జిప్పు కూడా ప్లాస్టిక్కు కాదు, లోహపుది.

స్కర్టు నిలబడ్డానికి కాన్‌కాన్ వేస్తారు కదా, మన లెహంగాలకు వేసే గట్టి నెట్టు ఒక్క పొర చాలు, దాని కింద కాళ్ళకు గుచ్చుకోకుండా లైనింగు. ఎక్కువ పొరలు వేస్తే మళ్ళీ 1950ల మధ్య అమెరికా అయిపోతుంది. అమెరికా మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్తాను, నాకు ఇష్టమైన కథ. 1947 క్రిస్మస్ పార్టీకి వేసుకోవడానికేమీ లేక జూలీ లిన్ షార్లో అనే గాయని ఫెల్టు గుడ్డతో వృత్తాకార స్కర్టు చేసుకుంది. ఆమెకు కుట్టు రాదు. ఫెల్టు పెద్ద పన్నాలో వస్తుంది, అంచులు పోగులు లేవవు, కాబట్టి ఒక్క కుట్టు లేకుండా కత్తిరిస్తే చాలు. తర్వాత దాని మీద కుక్కపిల్లల బొమ్మలు అతికించినవి వచ్చి దేశమంతా పాకిపోయాయి. కానీ అది అమెరికా టీనేజీ పిల్లల కథ, మీ లండన్ గదిలోకి తేకండి.

కాళ్ళ దగ్గర రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. సూదిలాంటి స్టిలెట్టో మడమ 1950లలో వచ్చింది, మీకు పనికిరాదు. ముందు గుండ్రంగా, మడమ మందంగా ఉన్న షూలు, లేదా అడుగూ మడమా ఒకే దిమ్మెలా ఉండే వెడ్జీలు తీసుకోండి. ఇంకోటి, నడుము దాకా వచ్చే ప్యాంటీహోజ్ మార్కెట్లోకి వచ్చింది 1959లో. అప్పటివి విడి మేజోళ్ళు, వెనక నిలువు కుట్టు గీత ఉండేవి. నైలాన్ మేజోళ్ళు అమెరికాలో 1940 మే 15న అమ్మకానికి వచ్చాయి, యుద్ధంలో ఆ నైలాన్ అంతా పారాచూట్లకు పోయింది, యుద్ధం అయ్యాక 1946 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో 13,000 జతల కోసం 40,000 మంది లైను కట్టారు. బ్రిటన్‌లో ఇంకా కష్టం. యుద్ధకాలంలో కాళ్ళకు గోధుమరంగు పూసుకుని వెనక కనుబొమల పెన్సిలుతో గీత గీసుకున్న ఆడవాళ్ళున్నారు. స్నేహితురాలు టైపిస్టుకు ఒక జత నైలాన్లు బహుమతిగా ఇచ్చే సీను పెట్టొచ్చేమో మీ రచయితను అడగండి.

టోపీలు మాత్రం రేషన్‌లో ఎప్పుడూ లేవు. అందుకే బట్ట పాతదైనా టోపీ కొత్తగా ఉండేది. టైపిస్టు బయటికెళ్ళేటప్పుడు టోపీ, గ్లవ్స్ తప్పనిసరి.

మొహానికి వద్దాం. కంటి చివర పైకి లాగిన ఐలైనర్ ఫ్యాషన్ పత్రికల్లో బలంగా కనిపించింది 1950 నుంచి. ఆ ఏడాది జనవరి వోగ్ కవరు మీద ఒక కన్ను, పెదాలు, పుట్టుమచ్చ తప్ప మిగతా మొహమంతా తెల్లగా మాయం చేసిన ఫోటో వచ్చింది, అది చూస్తే అర్థమవుతుంది. మీది 1948 కాబట్టి ఐలైనర్ వద్దు. రెప్పలకు మస్కారా, అది కూడా అప్పుడు బిళ్ళలా ఉండేది, తడి బ్రష్షుతో రాసుకునేవాళ్ళు. కనుబొమలు 1930లలోలా సన్నగీతలు కాదు, ఉన్న ఆకారాన్నే సర్దినట్టు. పెదాలకు మ్యాట్ ఎరుపు, పై పెదవి కొంచెం గుండ్రంగా నింపినట్టు. ముగ్గురికీ ఒకే ఎరుపు వేయొద్దు. స్నేహితురాలికి నిండు ఎరుపు, టైపిస్టుకు అదే లిప్‌స్టిక్ చివరిదాకా గీకి రాసుకున్నంత పల్చగా, ఇంటావిడకు పౌడరు మాత్రమే.

ఒక్క విషయంలో గట్టిగా చెప్తాను. ఇంగ్లీషు పాత్రలు కదా అని మీ నటుల మొహాలకు తెల్ల ఫౌండేషన్ కొట్టకండి. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అవుతుంది, నటి మొహంలో భావం చచ్చిపోతుంది. వాళ్ళ ఒంటి రంగుకే సరిపోయే పౌడరు వేసి, ఆ రంగుకు నప్పే ఎరుపు వెతకండి. చామనఛాయకు కొంచెం ఇటుక రంగు కలిసిన ఎరుపు స్టేజీ లైట్లో బాగా పలుకుతుంది. కాలాన్ని చూపించేది పెదవి ఆకారం, జుట్టు, భుజం, నడక, చర్మం రంగు కాదు.

జుట్టు మన అమ్మాయిలది పొడవు, ఒత్తు, అదొక్కటే చిక్కు. అప్పుడు భుజాల దాకానే ఉండేది, రాత్రి తడి జుట్టును పాయలుగా చుట్టి తలకు ఆనించి పిన్నులు పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకు ఉంగరాలు తిరిగేది. టైపిస్టుకు ముందు పాయల్ని పక్కలకు దువ్వి ఉంగరాలు తిప్పి, వెనక జుట్టంతా లోపలికి చుట్టి వలలో పెట్టేయండి, అలాంటి వలలు యుద్ధకాలంలో నిజంగానే ఉండేవి కాబట్టి కృత్రిమంగా ఉండదు. స్నేహితురాలికి మాత్రం పొట్టి విగ్గు తెచ్చుకోండి. న్యూ లుక్‌తో పాటు తల చిన్నదైంది, కింద అంత స్కర్టు ఉన్నప్పుడు పైన పెద్ద జుట్టుంటే మనిషి గంటలా కాక మూటలా కనిపిస్తుంది.

మన దేశానికి దీంతో ఏమైనా సంబంధం ఉందా అని చివర్లో అడిగారు. మన ఆడవాళ్ళు చీర వదల్లేదు కాబట్టి స్కర్టుల గొడవ మనకు తగల్లేదు, మేకప్ పెట్టెలోకి మాత్రం పారిస్ వచ్చింది. 1952లో టాటా వాళ్ళు మొదలుపెట్టిన లాక్మే పేరు ఒక ఫ్రెంచి ఒపేరాది, లక్ష్మి అనే మాటకు ఫ్రెంచి రూపం. మొదట్లో వాళ్ళతో కలిసి పని చేసిన ఫ్రెంచి సంస్థల్లో ఒకటి రాబర్ట్ పిగే. యుద్ధానికి ముందు డియోర్ డిజైనర్‌గా పని చేసింది ఆ పిగే దగ్గరే. మా అమ్మ పెళ్ళికి కొన్న లాక్మే డబ్బా మా ఇంట్లో చాలా ఏళ్ళు గుండీలు దాచుకోవడానికి ఉండేది, ఈ సంగతి తెలిశాక దాన్ని పారేయనందుకు సంతోషించాను.

స్నేహితురాలి డ్రెస్సు కనీసం ప్రదర్శనకు పది రోజుల ముందు నటి చేతికివ్వండి, ఆ స్కర్టుతో తలుపులోంచి రావడం, కుర్చీలో కూర్చునే ముందు వెనక గుడ్డ సర్దుకోవడం, మెట్లు దిగడం అలవాటు కావాలి. మీ దర్జీ కుట్టడం మొదలుపెట్టే ముందు ముగ్గురి నడుము, హిప్పు, నడుము నుంచి నేల దాకా కొలతలు, మీకు దొరికిన గుడ్డ పన్నా ఎంతో ఇక్కడే రాయండి. ఎన్ని గజాలు పడుతుందో, ప్యాడ్ ఎంత మందం ఉండాలో లెక్కగట్టి చెప్తాను.